గర్భవతులకు సోయాపాలు - గింజ మంచిదై యుండవలెను

ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి భూములలో తొలకరి వచ్చినదనగా సోయాచిక్కుడు విత్తుటకు రైతులు సిద్ధపడుదురు. పండించిన గింజ నుండే పాలు తీయవచ్చునని తెలిసినవారు, "ఇంట గర్భవతి ఉన్నది, ఈ పాలు ఇయ్యవచ్చునా?" అని అడుగుట కలదు. ఇయ్యవచ్చును. కాని ఏ గింజతో తీసినారో, ఎంతసేపు కాచినారో తెలిసికొన్న పిమ్మటనే ఆ మాట చెప్పవలెను.

ముందు గింజ సంగతి. విత్తగా సంచిలో రెండు మూడు కిలోలు మిగులును. పారవేయుటకు మనసొప్పదు. ఆ గింజలకు ఎఱ్ఱగానో పచ్చగానో రంగు పట్టియుండును. అది థైరమ్, కార్బెండజిమ్ వంటి తెగుళ్ల మందు పట్టించిన గుర్తు. వీనిలో కార్బెండజిమ్ గర్భములోని శిశువునకు హాని చేయగల మందుగా ఐరోపా సమాఖ్య వర్గీకరించినది. కడిగినను, కాచినను ఆ మందు పూర్తిగా పోవునని నమ్మరాదు. ఇంటివద్ద మీరే మందు కలిపినచో రంగు సరిగా కనబడక పోవచ్చును కూడ. కనుక మిగిలిన విత్తనమును ఆనాడే వేరుగా మూటగట్టి, గుర్తు వ్రాసి, వంటింటికి దూరముగా ఉంచుడు. అది గర్భవతికే కాదు, ఇంటిలో ఎవ్వరికిని పనికిరాదు. పశువుల దాణాలోను కలుపరాదు. పాలకు మీ కల్లములో నూర్చిన, మందు తగులని గింజయే కావలెను. బూజుపట్టినవి, నల్లబడినవి ఏరివేయుడు.

పచ్చి సోయాలో మాంసకృత్తులను సరిగా అరుగనీయని పదార్థము కలదు. బాగుగా కాచిన అది చాలవరకు నశించును. గింజలను రాత్రి నానవేసి, ఆ నీరు పారబోసి, పొట్టు తీసి, వేడినీటితో రుబ్బి, పలుచని గుడ్డలో వడగట్టవలెను. కిలో గింజకు ఎనిమిది లీటర్ల నీరు సరిపోవును. పొయ్యిమీద పెట్టిన కొద్దిసేపటికే నురుగు గిన్నె అంచుకు పొంగును. ఆవుపాలు పొంగగానే దింపుట మనకందరకు అలవాటు. ఇక్కడ అది చెల్లదు. ఈ పొంగు పాలు మరుగకముందే వచ్చును. మంట తగ్గించి, కలుపుచు, తెర్లిన పిదప పదిహేను ఇరువది నిమిషములు కాయవలెను. చిక్కుడు వాసన కొంత మిగులును. నాకును అది నచ్చదు, రెండు ఏలకులు వేసిన కొంత నయము. తీసిన పాలు నిలువ ఉంచక ఆ పూటనే త్రాగవలెను.

సోయాలో ఆడ హార్మోను ఉన్నదని భయపడువారు కలరు. ఉన్నవి ఐసోఫ్లేవోనులను మొక్క పదార్థములు. ఆ హార్మోనును పోలియున్నను మిక్కిలి బలహీనమైనవి. జపాను, చైనా దేశములలో గర్భవతులు తరతరములుగా సోయా వంటకములు తినుచునే యున్నారు. రోజుకు ఒక గ్లాసు, రెండు గ్లాసులకు భయము లేదు. ఐసోఫ్లేవోనుల మాత్రలు, పొడుల మాట వేరు. డాక్టరు చెప్పనిదే అవి వద్దు.

గేదెపాలు అమ్ముకొని, వానికి బదులు ఇవి ఇచ్చుటకు మాత్రము నేను ఒప్పుకొనను. మాంసకృత్తులలో సోయాపాలు ఆవుపాలకు దీటే. కాని ఇంట తీసిన వానిలో కాల్షియము ఆవుపాలలోని దానిలో నాల్గవవంతు కూడ ఉండదు. బి-12 విటమిను అసలే లేదు. పాలు పడని స్త్రీకి ఇవి మేలే, అయితే కాల్షియము మాత్రలు మానరాదు. అంగన్‌వాడీలో ఇచ్చు గ్రుడ్డును మానరాదు.

సోయాలోని ఫైటేటులు ఇనుము ఒంటబట్టుటను తగ్గించును. నాలుగవ నెల నుండి దినమునకు ఒకటి వంతున వేసికొను 60 మిల్లీగ్రాముల ఇనుపధాతువు మాత్రను ఈ పాలతో మింగక, రెండు గంటల ఎడము ఇయ్యవలెను. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. శిశువు మెదడు పెరుగుదలకు ఆ మాత్ర ముఖ్యము. పాలు త్రాగిన వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము కలిగిన ఆస్పత్రికి తీసికొని పోవుడు.

గ్రామాధికారులకొక మనవి. విత్తనములు పంచునాడు సంచిపైనున్న విషపు హెచ్చరికను చదివి వినిపింపుడు. చదువురాని వారికి రంగు గింజను చేతిలో పెట్టి చూపుడు.