మొద్దు అన్న మాట వెనక

మూడో తరగతికొచ్చినా పిల్ల కూడబలుక్కుని కూడా చదవలేకపోతే బళ్లో వినపడే మాట ఒకటే - ‘దాని బుర్రకి చదువెక్కదు’. ఆ పిల్ల మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో వచ్చిందైతే కారణం వెతికే శ్రమ కూడా ఉండదు. కులమే కారణమైపోతుంది. ఈ తీర్పు మీద బడిని నిలదీయడానికి మనకున్న సాధనాల్లో ఒకటి వ్యక్తిగత విద్యా ప్రణాళిక.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే లెక్కించింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఎదురయ్యే ప్రత్యేక అభ్యసన వైకల్యం అందులో లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను పేర్కొంటూ దాన్నీ చేర్చింది. ఈ ఇబ్బందిని త్వరగా గుర్తించి, తగిన బోధనతో దాటించే బాధ్యత విద్యాసంస్థలదేనని దాని 16వ సెక్షన్ చెబుతోంది.

ప్రణాళికలో ఉండాల్సినవి నాలుగు: పిల్లకి ఇప్పుడేం వచ్చు, ఏడాదిలో ఏం రావాలి, ఎవరు ఎన్ని గంటలు ఎలా నేర్పుతారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు. ‘తెలుగులో వెనకబడింది’ అని రాస్తే ఎవర్నీ ఏమీ అడగలేం. ‘గుణింతాలొచ్చు, వత్తు దగ్గర ఆగిపోతోంది, సంక్రాంతిలోగా అమ్మ, అక్క, పుల్ల లాంటి మాటలు చదవాలి’ అని రాస్తే పండగ వెళ్లాక బడికెళ్లి అడగొచ్చు.

అయితే పరీక్ష దగ్గరే వివక్ష దూరే వీలుంది. 1975లో ఇలాంటి ప్రణాళికను చట్టంలో పెట్టిన అమెరికాలోనే, కాలిఫోర్నియా బడులు ఐక్యూ పరీక్షల ఆధారంగా నల్లజాతి పిల్లల్ని మందబుద్ధుల తరగతుల్లోకి నెడుతూ వచ్చాయి. ల్యారీ పి. కేసులో 1979లో కోర్టు ఆ పద్ధతిని నిషేధించింది. మన దగ్గరా పుస్తకం తెలుగు వేరు, వాడ తెలుగు వేరు. పిల్లని ఇంటి మాటల్లో అడిగి చూశారా? కళ్లు, చెవులు పరీక్షించారా? పత్తి ఏరే రోజుల్లో ఎన్నాళ్లు బడి మానింది? ఏ వరసలో కూచోబెడుతున్నారు? ఇవి తేల్చకుండా వేసే వైకల్యం ముద్ర, కులం ముద్రకే కొత్త పేరు.

అలాగని అంతా పేదరికం ఖాతాలో వేసినా నష్టం మన పిల్లలకే. పట్నంలో ఫీజు కట్టగలిగినవాళ్లు పరీక్ష చేయించి, సర్టిఫికెట్టు తెచ్చుకుని, పరీక్షల్లో అదనపు సమయం అడుగుతారు. అదే వైకల్యమున్న మన పిల్ల మొద్దుగానే మిగిలిపోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. తల్లిదండ్రులు పిల్లని అక్కడికి తీసుకెళ్లాలి. ప్రణాళిక రాసేటప్పుడు పక్కన కూచోవాలి, చదివి వినిపించమనాలి, నకలు అడగాలి. వినకుండా వేలిముద్ర వేయొద్దు.