వెబ్‌సైటులో ఛాయాచిత్రశాల

ఛాయాచిత్రకారుడు తాను తీసిన వేలకొలది చిత్రములలో మేలైనవానిని ఏరి పదిమందికి చూపుటకు పూర్వము ఆల్బమునో, ప్రదర్శనశాల గోడనో ఆశ్రయించెడివాడు. నేడు ఆ పనికి వెబ్‌సైటు ఉపయోగపడుచున్నది. 1993లో వెలువడిన మొజాయిక్ అను బ్రౌజరు, పుటలో అక్షరముల నడుమనే బొమ్మలను చూపు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది. పిమ్మట ఎవరైనను తన చిత్రశాలను లోకమునకు తెరువగల అవకాశము కలిగినది.

కాని గోడకును వెబ్‌సైటునకును ఒక ముఖ్యమైన భేదము గలదు. ప్రదర్శనశాలలో నిలబడినవానికి గది అంతయు ఒక్క చూపులో కనబడును. ఎటు పోవలెనో తెలియును. వెబ్‌సైటు చూచువానికి కనబడునది తరచుగా అరచేతిలోని తెర మాత్రమే. ఆ తెర వెనుక ఏమేమి ఉన్నవో తెలుపు భారము నిర్మించినవానిదే. దారి తెలియకపోయినను, చిత్రము తెరచుకొనుట ఆలస్యమైనను చూపరి వెడలిపోవును. ఎంత చక్కని చిత్రమైనను చూచువాడు లేనిచో ఏమి ప్రయోజనము? కావున దారిని గూర్చియు, బరువును గూర్చియు విచారింతము.

దారి

హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడుగా ఉండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు పాఠకులలో చాలమంది వినియుందురు. రాజభవనములు, పురాతన కట్టడములు, ప్రముఖ వ్యక్తులు, వేట దృశ్యములు ఆయన చిత్రములలో గలవు. వానిలో 120 చిత్రములతో మనము ఒక వెబ్‌సైటు నిర్మింపవలెనని అనుకొందము. అన్నింటిని ఒకే పుటలో వరుసగా పేర్చినచో, ఏదో ఒక కోట చిత్రమును వెదకువాడు సగటున సుమారు 60 చిత్రములను దాటవలసి వచ్చును. వీనినే ఆరు విభాగములు చేసి, ఒక్కొక్కదానిలో 20 చొప్పున ఉంచితిమా, మొదట ఆరు పేర్లు చదివి, తగినదానిని తెరచి, అందులో సగటున సుమారు పది చిత్రములు చూచిన చాలును.

విభజన మంచిదే కదా యని విభాగములో ఉపవిభాగము, అందులో మరియొకటి పెట్టరాదు. ప్రతి మెట్టు వద్దను చూపరి ఆగి ఆలోచింపవలెను. తప్పుదారి పట్టినచో మరల వెనుకకు రావలెను. 120 చిత్రములకు ముఖపుట, విభాగపు పుట, చిత్రము అను మూడు అంతస్తులు చాలును.

విభజనకు ఆధారము ఒక్కటే ఉండవలెను. ‘కట్టడములు’, ‘వ్యక్తులు’ అని విషయమును బట్టి విభజించుచు, నడుమ ‘1890 నాటివి’ అని కాలమును చేర్చినచో, ఒకే చిత్రము రెండు చోట్లకు చెందును. చూపరి ఎక్కడ వెదకవలెను? పేర్లు కూడ అతనికి తెలిసినవై ఉండవలెను. ‘అంతరంగము’, ‘క్షణములు’ అను పేర్లు వినుటకు ఇంపుగా ఉండవచ్చును. తెరచి చూచిన గాని లోపల ఏమున్నదో తెలియదు. ఇది గ్రంథాలయములలో ఏనాడో ఎదురైన సమస్యయే. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును ఆదా చేయుటను గూర్చినది. పాఠకునకు బదులు చూపరి అని చదువుకొన్నచో అది మనకును వర్తించును.

పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1954లో ఒక నియమమును ప్రతిపాదించెను. చేతితో ఒక గురిని తాకుటకు పట్టు కాలము, దాని దూరము పెరిగినకొలది పెరుగును. దాని పరిమాణము పెరిగినకొలది తగ్గును. కావున ‘తరువాతి చిత్రము’, ‘ముఖపుట’ అను బొత్తాములు వ్రేలికి అందునంత పెద్దవిగా, ప్రతి పుటలోను ఒకే చోట ఉండవలెను. అప్పుడు చూపరి వ్రేలు కదల్చకయే చిత్రము వెంట చిత్రము చూడగలడు.

బరువు

కెమెరా ఇచ్చు చిత్రమును ఉన్నదున్నట్లు వెబ్‌సైటులో ఉంచరాదు. ఎందువలననో లెక్క వేసి చూతము. 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు గల చిత్రములో 2.4 కోట్ల పిక్సెళ్లు ఉండును. ఒక్కొక్క పిక్సెలుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులకు ఒక్కొక్క బైటు చొప్పున మూడు బైట్లు, మొత్తము 7.2 కోట్ల బైట్లు. జేపెగ్ పద్ధతిలో కుదించినచో ఇది సుమారు ఒక కోటి బైట్లకు దిగవచ్చును. ఈ కుదింపునకు మూలమైన గణితమును నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనువారు 1974లో ప్రకటించిరి. కన్ను అంతగా గుర్తింపజాలని సూక్ష్మ వివరములను విడిచిపెట్టుటయే ఇందలి కిటుకు.

ఇట్టి చిత్రములు 20 ఉన్న పుట 20 కోట్ల బైట్లు తూగును. సెకనుకు 10 లక్షల బైట్లు తెచ్చు ఇంటర్నెట్టుపై అది పూర్తిగా వచ్చుటకు 200 సెకన్లు, అనగా మూడు నిమిషములకు పైగా పట్టును. విభాగపు పుటలో 300 × 200 పిక్సెళ్ల చిన్న ప్రతులు ఉంచినచో, ఒక్కొక్కటి 20 వేల బైట్లనుకొన్నను మొత్తము 4 లక్షలే. అర సెకను కూడ పట్టదు. చూపరి కోరి తాకినప్పుడు 1200 × 800 ప్రతిని తెరువవచ్చును. వెడల్పు అయిదవ వంతైనచో పిక్సెళ్లు ఇరువదియైదవ వంతగును గదా!

ఈ బరువు కాలమునే గాక డబ్బును కూడ హరించును. చౌక ఫోనుతో, కొద్దిపాటి డేటాతో చూచు విద్యార్థికి ఆ ఒక్క పుటయే ఆనాటి డేటాలో పెద్ద భాగమును తినివేయును.

ప్రతి చిత్రమునకును రెండు మాటల వివరణను అక్షరములలో జతపరచుట మరువరాదు. చూపులేనివారికి తెరను చదివి వినిపించు సాధనములకు ఆ మాటలే ఆధారము. వెదకు యంత్రములకును అవి తోడ్పడును.

తరగతిలో ఒక ప్రయోగము

దీనికి కంప్యూటరు అక్కరలేదు. వార్తాపత్రికలనుండి 30 బొమ్మలు కత్తిరించి అట్టలకు అంటింపుడు. విద్యార్థులను రెండు జట్లు చేసి, వానిని విభాగములుగా పేర్చి పేర్లు పెట్టుమనుడు. బొమ్మలను మూసి, పేర్లు మాత్రమే కనబడునట్లు చేసి, బయటి విద్యార్థి ఒకనిని పిలిచి, ‘వాన చిత్రము ఎక్కడ ఉండును?’ అని అడుగుడు. అతడు ఎన్ని విభాగములు తెరచి చూచెనో లెక్కింపుడు. తక్కువ తెరిపించిన జట్టుదే మేలైన అమరిక. వెదకువాడు తడబడినచో అతనిని తప్పుపట్టక పేర్లను మార్చుటయే నిర్మాతకు తగిన పని.