పార్టీల ప్రణాళికలకూ తూకం వేయాలి

ఎన్నికలు దగ్గరపడినప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె కేంద్రాల వర్తకులకు ధారణలతో పాటు పార్టీల ఎన్నికల ప్రణాళికలు కూడా చూసుకోవలసిన పని పడుతుంది. ఎవరు ఏ పార్టీకి ఓటు వేసేదీ వారి ఇష్టం. కాని ప్రణాళికను మాత్రం సరుకు బేరం చూసినట్లే చూడాలి. ధర ఎంత, సరుకు ఎక్కడిది, నికర తూకం ఎంత, రొక్కం ఎప్పుడు అన్న నాలుగూ తేలనిదే మనం బేరం ఖాయం చేయము. వాగ్దానమూ అంతే.

రెండు రూపాయలు, రూపాయి తొంభై పైసలు

మన జిల్లాలలో ఇందుకు పాత ఉదాహరణ కిలో బియ్యం వాగ్దానమే. 1983 జనవరి ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ కిలో 2 రూపాయలకు ఇస్తామన్నది. అప్పుడు అధికారంలో ఉన్న కాంగ్రెస్ రూపాయి 90 పైసలకే ఇస్తామని ముందుకు వచ్చింది. ధర ఒక్కటే చూస్తే కాంగ్రెస్ బేరం కిలోకు 10 పైసలు, పది టన్నుల లారీకి వెయ్యి రూపాయలు చౌక. అయినా ప్రజలు తెలుగుదేశాన్నే గెలిపించారు. ఎన్నికల ముంగిట ధర తగ్గించినవాడిని, ఇన్నాళ్లూ ఎందుకు తగ్గించలేదని కొనుగోలుదారు అడుగుతాడు. ఇది వర్తకులకు తెలియనిది కాదు.

వర్తకుడు వేయవలసిన లెక్క మరొకటి ఉంది. 1982-83 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 122 రూపాయలు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం లెక్కన, సరుకు ఖర్చే కిలోకు రూపాయి 82 పైసలు. తవుడు, నూకల రాబడి మిల్లు ఖర్చుకు సరిపోయిందనుకున్నా గోనెసంచి, లారీ కిరాయి, గోదాము, వడ్డీ, డీలరు కమీషను ఉన్నాయి. ఇవన్నీ ఒక పార్టీ లెక్కలో 8 పైసలలో, మరో పార్టీ లెక్కలో 18 పైసలలో ఇమడాలి. మద్దతు ధర 1983-84లో 132, 1984-85లో 137 రూపాయలు అయింది. అంటే రెండు సీజన్లు తిరిగేసరికి సరుకు ఖర్చే 2 రూపాయల 4 పైసలకు చేరింది. కొనుగోలు ధర పెరుగుతుండగా అమ్మకం ధర కట్టివేస్తే తేడా ఎవరో ఒకరు భరించాలి. అది ఖజానా మీద పడింది. 1996లో తెలుగుదేశం ప్రభుత్వమే ధరను 3 రూపాయల 50 పైసలకు పెంచవలసి వచ్చింది.

కనుక మొదటి ప్రశ్న ధర కాదు, తేడా ఎవరు భరిస్తారన్నది.

సరుకు ఎక్కడిది?

ఆ రోజులలో మిల్లరు తాను ఆడిన బియ్యంలో కొంత భాగాన్ని ప్రభుత్వం నిర్ణయించిన ధరకు లెవీగా అప్పగించి, మిగిలినదే బయట అమ్ముకునేవాడు. ఏ పార్టీ గెలిచినా చౌక బియ్యానికి సరుకు పోవలసింది ఆ దారినే. 2015 అక్టోబరు నుంచి లెవీ లేదు. ప్రభుత్వం తరఫున కొన్న ధాన్యాన్ని కూలికి ఆడించి ఇవ్వడమే మిల్లరు పని. 2025-26 సీజనుకు సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,776 రూపాయల 75 పైసలు. ప్రభుత్వం ఎంత కొంటుంది, రైతుకు ఎన్నాళ్లకు చెల్లిస్తుంది అన్నవి ప్రణాళికలో ఉన్నాయో లేవో చూడాలి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 వంటి సన్నరకాలకు మద్దతు ధరను మించి పలికే సొమ్ము మాత్రం బహిరంగ మార్కెట్‌లోనే తేలుతుంది.

సంచి తూకం తీసివేయాలి

2024 ఎన్నికలలో తెలుగుదేశం, జనసేన కూటమి రైతుకు ఏడాదికి 20,000 రూపాయలు అన్నది. వైయస్సార్ కాంగ్రెస్ 13,500ను 16,000 చేస్తామన్నది. రెండింటిలోనూ కేంద్రం ఇచ్చే 6,000 కలిసి ఉన్నదని అమలు చూస్తే తెలుస్తుంది. ఆ సొమ్ము ఎవరు గెలిచినా వచ్చేదే. దానిని తీసివేస్తే నికర తూకం 14,000, 10,000. ఓటు మీద ఆధారపడినది అంతవరకే. పైగా కేంద్రం సొమ్ము భూమి రికార్డులో పేరున్న వారిది, కౌలుదారుకు రాదు. డెల్టాలో కౌలు సేద్యం హెచ్చు. కౌలు రైతుకు ఎరువులు అరువిచ్చే వర్తకుడు ఆ 6,000ను వసూలు లెక్కలో వేసుకోరాదు.

వాయిదా ఎప్పుడు?

2014లో తెలుగుదేశం రైతు రుణమాఫీ హామీ ఇచ్చింది. వైయస్సార్ కాంగ్రెస్ ఇవ్వలేదు. గెలిచిన తెలుగుదేశం ప్రభుత్వం 50,000 లోపు బాకీలను ఒక్కసారిగా, పెద్ద బాకీలను కుటుంబానికి లక్షన్నర వరకు అయిదు విడతలలో తీర్చే పద్ధతి పెట్టింది. 2019లో ప్రభుత్వం మారింది. మిగిలిపోయిన నాలుగు, అయిదు విడతలను కొత్త ప్రభుత్వం ఆ సెప్టెంబరులో రద్దు చేసింది. విడతల ధైర్యంతో అరువు పెంచుకున్న వర్తకుని పద్దు అక్కడ నిలిచిపోతుంది. ఇచ్చినవాడి పదవీకాలం దాటి వాయిదా పడే హుండీకి వట్టం ఎక్కువ వేయాలని పాతకాలపు వర్తకులకు చెప్పనక్కరలేదు.

వాగ్దానాలలో పెద్ద అక్షరాలతో కనిపించనిది ఒకటున్నది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరనున్న రేపల్లె ప్రాంతపు భూములకు సకాలంలో నీరు అందడం, మురుగు కాలువల పూడిక తీయడం కిలోకు ఇంత అని చెప్పగల విషయాలు కావు. అయితే మార్కెట్‌కు వచ్చే సరుకును నిర్ణయించేవి ఇవే. వీటికి ఏ పార్టీ ఎంత సొమ్ము కేటాయిస్తానన్నదో వెదకాలి.

ప్రణాళికలు వెలువడిన రోజున ఒక కాగితం తీసుకుని పార్టీకి ఒక వరుస గీసి, ధర, సరుకు, నికరం, వాయిదా అని నాలుగు గడులు పెట్టాలి. ఖాళీగా మిగిలిన గడి మీద అరువు ఇవ్వకుండా ఉండడం క్షేమం.