సరిహద్దు దాటు పార్సెలు - సుంకపు లెక్క

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల నుండి బ్రతుకుతెరువు కొరకు దుబాయి, సౌదీ, కువైటులకు, పైచదువుల కొరకు అమెరికా, బ్రిటనులకు వెళ్ళినవారు కలరు. వారు పంపు పెట్టెలు ఇచ్చటికి వచ్చుచుండును. ఇచ్చటి పచ్చళ్ళు, బట్టలు, మందులు అచ్చటికి పోవుచుండును. ఈ రాకపోకల నడుమ 'కస్టమ్స్' అను మాట వినబడినంతనే మన ఇండ్లలో ఒక విధమగు భయము పుట్టును. ఎంత అడుగుదురో, ఎందుకు అడుగుదురో, చెల్లించనిచో ఏమగునో తెలియకపోవుటయే ఆ భయమునకు మూలము. ఆ భయమునే పెట్టుబడిగా పెట్టుకొని సొమ్ము కాజేయు మోసగాండ్రు కూడ ఈనాడు బయలుదేరినారు. కావున విదేశీ పార్సెలుపై సుంకము ఏ నియమము ననుసరించి పడునో, దాని లెక్క ఎట్లు కట్టుదురో ఈ వ్యాసమున విశదపరచ సంకల్పించినాము. సుంకమనునది ముందుగా వ్రాసి ప్రకటించిన రేటు. దానిని తెలిసికొన్నవాడు అధికారి యెదుట తడబడనక్కరలేదు, మోసగానికి చిక్కనక్కరలేదు. మేము చెప్పదలచినది ఇంతియే.

మాటలోనే ఉన్న అర్థము

సుంకము అను మన మాట సంస్కృతములోని 'శుల్క' శబ్దము నుండి వచ్చినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుడను అధికారి విధులు వివరముగా చెప్పబడినవి. ఇంగ్లీషువారు వాడు 'టారిఫ్' అను మాట మాత్రము అరబ్బీ నుండి మధ్యధరా సముద్ర వర్తకుల ద్వారా ఐరోపా భాషలకు చేరినది. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు 'తారీఫ్' పరిచితమే. నేడు దానిని ప్రశంస, నిర్వచనము అను అర్థములలో వాడుచున్నాము, మూలార్థము 'తెలియజేయుట'. ఏ సరుకుపై ఎంత పన్నో వర్తకునికి ముందుగా తెలియజేయు పట్టికయే టారిఫ్. తెలియజేయని పన్ను దోపిడితో సమానమను భావము ఆ మాటలోనే ఇమిడియున్నది.

మన నేలపై సుంకములు

ఈ భావమును మన ఓరుగల్లు ప్రభువు ఎనిమిది శతాబ్దుల నాడే శిలపై చెక్కించెను. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము చరిత్ర విద్యార్థులు ఎరిగినదే. తుపానునకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకునంతను పూర్వపు రాజులు స్వాధీనపరచుకొనెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు తీసికొనమని విదేశీ వర్తకులకు అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమని ఆ శాసనమున ఉన్నది. రేటు తెలిసినది కనుకనే వర్తకునికి ధైర్యము కలిగినది.

నిజాం రాజ్యమునకును ప్రత్యేకమైన సుంకపు వ్యవస్థ ఉండెడిది. దానిని 'కరోడ్‌గిరి' శాఖ అనెడివారు. 1802లో నిజామునకు, ఈస్టిండియా కంపెనీకి కుదిరిన వాణిజ్యపు ఒడంబడిక సరుకులపై సుంకమును నూటికి 5 వంతులుగా నిర్ణయించినది. 1860 ఒడంబడికతో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు బ్రిటిషువారి వశమైనవి. నాటి నుండి నేటి భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరము ఒక రాజ్యము, ఏటి కావలి సిరొంచ మరియొక రాజ్యము. అయినను ఆ నదిపై సాగు రవాణాకు ఉభయులును సుంకము విధింపరాదని అదే ఒడంబడికలో వ్రాసికొనిరి.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు ఇట్టి పూర్వ సంస్థానములు కొంతకాలము తమ సుంకములను కొనసాగించుటకు 306వ అధికరణము అవకాశమిచ్చినది. 1956 నాటి ఏడవ సవరణతో ఆ అధికరణమే తొలగింపబడినది. నేడు కస్టమ్స్ సుంకము పూర్తిగా కేంద్ర ప్రభుత్వ విషయము. చట్టపు ఆధారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణము శాసించుచున్నది. మోటుపల్లి శిలపైని అభయము నేడు రాజ్యాంగమున ఈ రూపమున నిలిచియున్నదని చెప్పవచ్చును.

పార్సెలు ఏ దారిన వచ్చును?

విదేశము నుండి వచ్చు ప్రతి పార్సెలుకు 1962 నాటి కస్టమ్స్ చట్టము, 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టము వర్తించును. తపాలా ద్వారా పంపువారు పెట్టెపై ఒక ప్రకటన పత్రము అంటింపవలెను. చిన్న పార్సెలుకు సి.ఎన్. 22, పెద్దదానికి సి.ఎన్. 23 అను పత్రములు ప్రపంచ తపాలా సంఘము నిర్ణయించినవి. లోపల ఏమున్నది, ఎన్ని ఉన్నవి, తూకమెంత, వెల ఎంత అను వివరములు అందు వ్రాయవలెను. పార్సెలు మన దేశమున విదేశీ తపాలా కార్యాలయము చేరిన పిమ్మట కస్టమ్స్ అధికారి ఆ పత్రమును చూచును. అవసరమని తోచినచో పెట్టె తెరిపించును. పడిన సుంకమును తపాలా శాఖ గ్రహీత నుండి వసూలు చేసి ప్రభుత్వమునకు జమకట్టును. కొరియరు సంస్థ ద్వారా వచ్చినచో ఆ సంస్థయే సుంకము చెల్లించి, దానిపై తన రుసుము కూడ కలిపి గ్రహీత వద్ద తీసికొనును. ఏది సుంకమో, ఏది రుసుమో రసీదులో విడివిడిగా చూచుకొనుట మంచిది.

లెక్క కట్టు విధము

చాలమంది వస్తువు వెలపై మాత్రమే సుంకము పడునని తలంతురు. వెలకు రవాణా ఖర్చు, బీమా ఖర్చు కలుపగా వచ్చిన మొత్తముపై సుంకము పడును. విమాన రవాణా ఖర్చు ఎంత ఎక్కువైనను వస్తువు వెలలో నూటికి 20 వంతులకు మించి లెక్కలోనికి తీసికొనరాదు. బీమా ఖర్చు ఎంతయో తెలియనప్పుడు వెలలో నూటికి 1.125 వంతులుగా తీసికొందురు. విదేశీ నాణెమును రూపాయలలోనికి మార్చుటకు కస్టమ్స్ శాఖ ప్రకటించిన మారకపు రేటు వర్తించును.

ఒక ఉదాహరణము చూతము. వస్తువు వెల 4,000 రూపాయలు, విమాన రవాణా 600, బీమా 45 రూపాయలు. మొత్తము 4,645 రూపాయలు. మూల సుంకము నూటికి 10 అని, సమీకృత వస్తు సేవా పన్ను నూటికి 18 అని అనుకొందము. మూల సుంకము 464 రూపాయల 50 పైసలు. ఆ సుంకముపై పదవ వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 46 రూపాయల 45 పైసలు. ఇవి రెండును కలిపిన మీదట వెల 5,155 రూపాయల 95 పైసలగును. దీనిపై నూటికి 18 చొప్పున 928 రూపాయల 7 పైసలు. కట్టవలసినది మొత్తము 1,439 రూపాయల 2 పైసలు. పదియు పదునెనిమిదియు కలిపిన 28 మాత్రమేనని తలచినవానికి నూటికి 31 వంతులు పడుట ఆశ్చర్యము కలిగించును. పన్నుపై పన్ను పడుటయే దీనికి కారణము. ఇందు అధికారి చేతివాటమేమియు లేదు.

ఈ రేట్లు ఉదాహరణకు తీసికొన్నవి. వస్తువును బట్టి రేటు మారును. కొన్నింటికి సర్‌ఛార్జి మినహాయింపు కలదు. బడ్జెటులలో రేట్లు మారుచుండును. కావున ఆనాటి పట్టిక చూచుకొనవలెను. మొత్తము సుంకము 100 రూపాయలకు మించనప్పుడు దానిని వసూలు చేయరాదని కస్టమ్స్ చట్టము 25వ సెక్షను చెప్పుచున్నది.

'గిఫ్టు' అని వ్రాసినంత మాత్రాన

పెట్టెపై 'గిఫ్టు' అని వ్రాసినచో సుంకముండదని మన పల్లెలలో ఇంకను నమ్మువారు కలరు. పూర్వము 5,000 రూపాయల లోపు బహుమతులకు మినహాయింపు ఉండెడిది. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ సౌకర్యమును తొలగించినది. రాఖీకి, ప్రాణరక్షక ఔషధములకు మాత్రము మినహాయింపు నిలిచినది. పూర్తి సుంకము చెల్లించి బహుమతిని తెప్పించుకొనుటకు అభ్యంతరము లేదు. విమానమున వచ్చు ప్రయాణికుడు వెంట తెచ్చుకొను సామానుకు వేరు నియమములు కలవు. వాటిని పార్సెలుకు అన్వయింపరాదు.

వెల తగ్గించి వ్రాయుట, వస్తువు పేరు మార్చి వ్రాయుట అంతకంటె ప్రమాదము. అట్టి సరుకును జప్తు చేయుటకు 111వ సెక్షను, జరిమానా విధించుటకు 112వ సెక్షను అధికారమిచ్చుచున్నవి. అయితే అధికారి నిర్ణయము తప్పని తోచినచో 60 దినములలో కమిషనరు (అప్పీళ్ళు) వారికి అప్పీలు చేసికొను హక్కు 128వ సెక్షను క్రింద మనకు కలదు.

ఇక్కడి నుండి అక్కడికి

మనము పంపు పార్సెలుపై సుంకము విధించునది దానిని అందుకొను దేశము. జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడి పనితనము జగద్విదితము. దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. 2016 నుండి అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు సుంకపు మినహాయింపు ఉండెడిది. 2025 ఆగస్టు 29 నుండి ఆ దేశము దానిని అన్ని దేశములకును నిలిపివేసినది. దానికి నాలుగు దినముల ముందే మన తపాలా శాఖ అమెరికాకు చాలవరకు పార్సెళ్ళు తీసికొనుట ఆపివేసి, అక్టోబరు నడుమ మరల ప్రారంభించినది. ఎక్కడనో వాషింగ్టనులో మారిన ఒక నియమము పెంబర్తి కంచరి కొలిమి వద్ద ప్రతిమ వెలను మార్చివేయగలదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇది గమనింపవలెను.

సుంకము కంటె నిషేధము తీవ్రమైనది. మన వంటింటిలోని గసగసాలు దుబాయి మొదలగు అరబ్బు ఎమిరేట్లలో మాదకద్రవ్యముల క్రింద నిషిద్ధములు. కొన్ని నొప్పి మాత్రలకును అచ్చట కఠిన నియమములు కలవు. పొరుగువారి మూటను లోపల ఏమున్నదో చూడక తీసికొనిపోవు యువకుడు చెరసాల పాలగు ప్రమాదము కలదు. మొగమాటము కంటె మూట విప్పి చూచుట మేలు.

మోసమును గుర్తించు విధము

'మీ పేర విదేశము నుండి విలువైన పార్సెలు వచ్చినది, కస్టమ్స్ వారు పట్టుకొన్నారు, వెంటనే ఇంత సొమ్ము పంపుడు' అని ఫోనులో బెదరించుట నేటి మోసము. పైన చెప్పిన లెక్క ఎరిగినవాడు మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవి: పంపినవారెవరు? పార్సెలు సంఖ్య ఏది? వెల ఎంత, రేటు ఎంత? తపాలా పార్సెలుకు రెండు అక్షరములు, తొమ్మిది అంకెలు, మరల రెండు అక్షరములు గల సంఖ్య ఉండును. కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాకును సొమ్ము పంపుమని ఫోను చేయదు. 2019 నవంబరు 8 నుండి ఆ శాఖ జారీచేయు పత్రములపై గుర్తింపు సంఖ్య ఉండవలెనను నియమము కలదు. ఆ సంఖ్యను శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. ఫోనులో అరెస్టు చేయుట ఏ చట్టమునందును లేదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను.

విద్యార్థులారా, మీ ఇండ్లలో అమ్మీజాన్, అబ్బాజాన్, నాయనమ్మ, తాత ఎవరికైనను ఇట్టి ఫోను రావచ్చును. వారికి చదువు లేకపోవచ్చును; మీకు కలదు. ప్రకటన పత్రము నింపుట, సుంకపు లెక్క కట్టుట ఏటేట ఒక గంట నేర్పు ఏర్పాటు చేసినచో ఉపయుక్తముగా ఉండునని కళాశాల సంఘము వారికి మనవి చేయుచున్నాము. ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు, పడిన సుంకము చెల్లించి రసీదు తీసికొనుడు, రసీదు లేని చోట రూపాయి కూడ ఇయ్యకుడు. గల్ఫు ఎండలో చెమటోడ్చి మనవారు సంపాదించిన సొమ్ము ఒక్క ఫోనుతో అన్యుల పాలు కాకుండ కాచుట చదువుకొన్న మన బాధ్యత.