విస్తరణాధికారికి టాబ్లెట్ అవసరమా?

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ మండలం వంటి ప్రాంతాల్లో వరి, వేరుశనగ పంటలను పొలంలోనే నమోదు చేయవలసిన విస్తరణాధికారి, టాబ్లెట్ కొనే ముందు తెర పరిమాణం కన్నా స్థాన నిర్ధారణ సామర్థ్యాన్ని పరిశీలించాలి. వైఫై మాత్రమే గల అనేక టాబ్లెట్లలో జీపీఎస్ ఉండదు. ఉన్నా, ఆరుబయట సుమారు 5 మీటర్ల తేడా సహజం. గుంట నేల చతురస్రంగా ఉంటే దాని భుజం 10 మీటర్లే. గట్టుపై నిలిచి నమోదు చేస్తే ఒకరి పంట పొరుగు రైతు పేర చేరవచ్చు; ఆ పొరపాటు వల్ల అమ్మకం వేళ ఇబ్బంది పడేది రైతే. కనుక ఏ పరికరమైనా మడి మధ్యలో నిలిచే వాడాలి. సిగ్నల్ లేనిచోట వివరాలు భద్రపరచడం, ఎండలో తెర కనిపించడం, రోజంతా ఛార్జింగ్ నిలవడం తదుపరి ప్రమాణాలు. ఇవన్నీ చేతిలోని ఫోనులోనే ఉంటే టాబ్లెట్ అదనపు వ్యయమే. రైతువేదికలో కొద్దిమంది రైతులకు తెగుళ్ల చిత్రాలు తరచుగా చూపేవారికి మాత్రం పెద్ద తెర ఉపయుక్తం.