ఒకే గిన్నెలో కోడి, కొబ్బరి, అన్నం

ఫిలిప్పీన్స్ మనకు తూర్పున ఉన్న దీవుల దేశం. అక్కడివాళ్లూ మనలాగే అన్నం తింటారు. కోడిని కొబ్బరిపాలలో ఉడికిస్తారు. ఆ కూర పేరు 'గినతాఅంగ్ మనోక్'. మనోక్ అంటే కోడి. బియ్యం కూడా అందులోనే వేస్తే ఒకే గిన్నె చాలు. కట్టెలు, గ్యాసు ఆదా.

కావలసినవి: అరకిలో కోడిమాంసం, 2 గ్లాసుల బియ్యం, 1 కొబ్బరికాయ, అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, నూనె, ఉప్పు, మిరియాలపొడి, గుప్పెడు మునగాకు.

కొబ్బరి తురమండి. వేడినీళ్లు పోసి పిండండి. చిక్కటి పాలు 1 గ్లాసు పక్కన పెట్టండి. మళ్లీ నీళ్లు పోసి 3 గ్లాసుల పల్చటి పాలు తీయండి.

నూనెలో ఉల్లి, అల్లం, వెల్లుల్లి వేయించండి. కోడిముక్కలు వేసి 10 నిమిషాలు మగ్గనివ్వండి. పల్చటి పాలు, ఉప్పు, మిరియాలపొడి వేయండి. మరిగాక కడిగిన బియ్యం పోయండి. నీరు ఇంకేటప్పుడు చిక్కటి పాలు, మునగాకు వేయండి. సన్నసెగ మీద 15 నిమిషాలు మూత పెట్టండి.

చిక్కటి పాలు ముందే ఎందుకు పోయకూడదు? పెద్దమంటకు అవి విరిగిపోతాయి.

ముక్క లోపల ఎర్రగా ఉంటే ఇంకా ఉడకాలి. పచ్చిమాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మునగాకు అక్కడివాళ్లూ వేస్తారు. దానిలో ఇనుము ఉంది. రక్తం పట్టడానికి ఇనుము కావాలి. అందుకే అక్కా, అడుగున మిగిలింది కాదు, అందరితోపాటు కూర్చుని మీరూ ముక్క వేసుకుని తినండి.