గాలితో చెలిమి

చిప్పగిరి బాటప్రక్కన కొంతసేపు నిలిచినచో, ప్రత్తి నింపుకొని ఆదోని మార్కెట్టుకు సాగు లారీలు కనబడును. అట్టి లారీ కనుమరుగగువరకు రెప్పవాల్పక చూచు బాలిక ప్రతి యూరనుండును. ఆమె యింటికిపోయి, "నేను గూడ లారీ తోల్తానమ్మా" అన్నచో ఇంటిల్లిపాదియు నవ్వుదురు. అది మగవాని పని, కండబలము కావలెనందురు. ఈ మాటలో నిజమెంతయో నేడు విచారింతము.

విమానము, పందెపు కారు, లారీ, ఈ మూడును మూడు విధములుగా గాలికి ఋణపడినవి. విమానపు రెక్క తన్ను దాటిపోవు గాలిని క్రిందికి మరలించును. అందుకు ప్రతిగా గాలి రెక్కను పైకి నెట్టును. పందెపు కారునకు అమర్చు రెక్క తలక్రిందుగా నుండును. కావున గాలి ఆ కారును నేలకదిమి పట్టును. మలుపులయందు చక్రములు పట్టు తప్పకుండుట చాలవరకు ఇందువలననే. ఇక బరువు లారీని నిలుపునది తోలువాని కాలిబలము కాదు. ఇంజనుచే నడచు కంప్రెసరు గాలిని టాంకులలో బిగించి యుంచును. పెడలు త్రొక్కగానే ఆ గాలి బ్రేకులను పట్టించును. నిలుపుడు బ్రేకు మరియు చిత్రము. అందులో బలమైన స్ప్రింగు బ్రేకును పట్టియుంచును. గాలి యొత్తిడియే దానిని విడిపించును. టాంకులో గాలి మిక్కిలి తగ్గినచో స్ప్రింగే బండిని ఆపును. స్టీరింగు త్రిప్పుటకు నేటి లారీలలో యంత్రసహాయము కలదు. ఈ మూడింటను తోలువారికి కావలసినవి నిశితమైన చూపు, ఓర్పు, అభ్యాసము. ఇవి యెవరి సొత్తును కావు.

మరి అడ్డెక్కడ? మన హైదరాబాదు చరిత్ర దీనికి ఉత్తరము చెప్పును. ప్రేమ్ మాథుర్ అను యువతి 1947లో వాణిజ్య విమానచోదక లైసెన్సు పొందెను. లైసెన్సు చేతనున్నను, ఎనిమిది విమాన సంస్థలు ఆమెకు ఉద్యోగమీయ నిరాకరించినవి. తుదకు హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను సహచోదకురాలిగా చేర్చుకొన్నది. 1949లో ఆమె జాతీయ విమాన పందెమును గెలిచెను. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరెను. ఆమెను కాదన్నవారు మనుష్యులే. యంత్రము ఏనాడును కాదనలేదు.

పందెపు కార్ల కథయు నిట్టిదే. ఇటలీ దేశపు లెల్లా లొంబార్డి తొలుత ఇంటి మాంసపు వ్యాపారమునకై సరకు బండి తోలినది. 1975లో స్పెయిన్ గ్రాండ్ ప్రీ పందెమున ఆరవ స్థానము నందుకొన్నది. ప్రమాదమువలన ఆ పందెమును నడుమనే ఆపివేసి సగము పాయింట్లే యిచ్చినందున, ఆమెకు దక్కినది అరపాయింటు. ఫార్ములా వన్ ప్రపంచ పోటీలో పాయింటు సంపాదించిన స్త్రీ నేటికిని ఆమె యొక్కతెయే. మన తెలుగుగడ్డపై, నల్లగొండ ప్రాంతపు సంస్థాన్ నారాయణపురమునకు చెందిన వి. సరిత ఆటో తోలి బ్రదుకు నేర్చుకొని, 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు తొలి మహిళా బస్సు డ్రైవరైనది.

చట్టము ఈ విషయమున ఏ భేదమును పాటింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండినవారు కారు తోలుటకును, 20 ఏండ్లు నిండినవారు లారీ వంటి రవాణా వాహనము తోలుటకును అర్హులు. అయితే రవాణా వాహనము నేర్వగోరువారు తేలిక వాహనపు లైసెన్సుతో కనీసమొక యేడు గడపియుండవలెను. వాణిజ్య విమానచోదకులకు 18 ఏండ్ల వయస్సు, వైద్యపరీక్షలో ఉత్తీర్ణత, 200 గంటల విమానయానము విధింపబడినవి. వ్యయము పెద్దది, నిజమే. కాని 2021లో ఓర్వకల్లున విమానాశ్రయము తెరచినప్పటినుండి, కర్నూలు సీమ బాలికకు విమానము ఆకాశములోని చుక్క మాత్రమే కాదు.

కోరిక పుట్టుటకు బాటపై ఒక్క లారీ చాలును. అది జీవితాంతము నిలుచుటకు ఇంటివారి మాట కావలెను. రేడియో చెంత కూర్చుండు తల్లిదండ్రులను మేము వేడునది ఇంతే. మీ బిడ్డ ఆ మాట అన్ననాడు నవ్వకుడు. రెక్క యెందుకు లేచునో, లారీ యెట్లు నిలుచునో ఆమెనడుగుడు. ఆమె చెప్పగలిగినచో, లైసెన్సు కాగితమును మీరే తెచ్చియిండు.